పిల్ల పేరున జొన్నలు

చెన్నకేశవులు తన బండి తానే తోలుకుంటూ వచ్చి దూదేకుల మౌలాలీ ఇంటి ముందు ఆపిన రోజున, వీధిలో ఆడవాళ్ళంతా పనులు వదిలేసి గడపల్లో నిలబడ్డారు. వెల్దుర్తికి పడమరగా కొండ అంచున ఉన్న ఆ పల్లెలో సగం చేలు ఆయనవే. అంతటి కామందు, పరుపులు కుట్టుకుని బతికేవాడి గుడిసె ముందు ఆగడం అంతకుముందు ఎవరూ చూడలేదు. జొన్నల బస్తా దించుకోమని మౌలాలీకి చెప్పి, తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకుని ఆయన అరుగు మీద కూర్చున్నాడు.

"పిల్ల ఏదిరా?"

మౌలాలీ భార్య సాబిరా కూతుర్ని చంకనెత్తుకుని బయటికి వచ్చింది. మస్తాంబీకి ఏడేళ్ళు. మూడో ఏటి నుంచి మూర్ఛ. వారంలో రెండు మూడు సార్లు ఉన్నచోటనే విరుచుకు పడిపోయేది. కిందటేడు తల్లి పత్తి తీతకూ తండ్రి పరుపుల పనికీ పోయినప్పుడు పొయ్యి మీద పడింది. కుడిచెయ్యి మోచేతి దాకా కాలి, తోలు ముడుచుకుపోయి, వేళ్ళు సరిగా చాచలేకపోయేది.

చెన్నకేశవులు ఆ చేతిని చాలాసేపు చూశాడు.

"ఇట్టాంటి బిడ్డను సాకాలంటే ఇద్దర్లో ఒకరు ఇంటికాడ ఉండాల్సిందే. ఒకరు ఇంటికాడుంటే అందరి కడుపులూ కాలతయ్. నాకు తెలవదా? ఇకనుంచి నెలనెలా జొన్నలు మా గాదెలోంచి వస్తయ్. అమ్మాయ్, పొద్దున్నే వచ్చి పాలు పోయించుకుపో. నువ్వు కూలికి పోమాక. పిల్లను కనిపెట్టుకుని ఉండు."

"మేం ఏం చెయ్యాల అయ్యా?" అన్నాడు మౌలాలీ.

"ఏం చెయ్యొద్దురా. చల్లగా చూసుకోండి, అంతే."

ఆయన ఎందుకు వచ్చాడో సాబిరాకు తెలుసు. అంతకు కొద్ది రోజుల ముందు ఆయన చేలోనే పత్తి తీస్తుంటే గట్టు మీద కూర్చోబెట్టిన మస్తాంబీకి మూర్ఛ వచ్చింది. తెప్పరిల్లాక, చూపు ఇంకా నిలవకముందే, చేత్తో కింద తడుముకుంటూ "తడి... తడి..." అంది. అటుగా వస్తున్న చెన్నకేశవులు ఆ మాట విన్నాడు. అప్పటికి ఆయన తవ్వించిన రెండు బావులు ఎండిపోయి ఉన్నాయి. ఏమనుకున్నాడో, పిల్ల పడిన చోటనే పలుగు వేయించాడు. నీళ్ళు పడ్డాయి.

మూర్ఛలో పిల్ల పావడా తడిసింది. ఆ తడి గురించే అంది. పావడా పిండింది సాబిరానే. ఆ సంగతి చెప్పాలని బస్తా దిగుతున్నప్పుడు నోరు తెరిచింది కూడా. కాలిన చెయ్యి తన మెడ చుట్టూ ఉంది. మళ్ళీ నోరు మూసుకుంది.

ఆ ఏడు వాళ్ళకు మంచి ఏడు. యుద్ధం వచ్చి గుడ్డకు కరువైన దగ్గర్నుంచి కొత్త పరుపు కుట్టించుకునేవాళ్ళు లేరు. మౌలాలీ దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊళ్ళు తిరిగినా ఒక్కోసారి పాత దిండు విప్పి ఏకే పని కూడా దొరికేది కాదు. అయినా ఇంట్లో సంకటి కుండ చల్లారలేదు. సాబిరా పిల్లను వదిలి కదిలేది కాదు. మాచర్ల దాటాక ఉన్న మిషన్ ఆస్పత్రికి తీసుకుపోతే, అక్కడి నర్సు గ్రేసమ్మ పిల్లను పడుకోబెట్టి, నాలుక చూసి, చెయ్యి చూసి, ఒక సీసా మందు ఇచ్చింది.

"ఉప్పగా ఉంటుంది, మారాం చేసినా పొయ్యి. ఎండలో తిప్పొద్దు. ఆకలితో ఉంచొద్దు. నిద్ర చెడనివ్వొద్దు. అన్నిటికంటే ముఖ్యం, మందు మానొద్దు. తాగి తాగి ఉన్నట్టుండి మానేస్తే, ఇదివరకటికంటే గట్టిగా కొడుతుంది జబ్బు."

సాబిరా అన్నీ పాటించింది. వారానికి రెండు మూడు సార్లు వచ్చే మూర్ఛ నెలకు ఒకటైంది. తర్వాత అదీ లేదు. మస్తాంబీ ఒళ్ళు చేసింది. ఎడమచేత్తో అచ్చనగాయలు ఆడడం నేర్చుకుంది. పాలకు వెళ్ళినప్పుడు చెన్నకేశవులు భార్య సీతమ్మ పిల్ల తలకు నూనె రాసి జడ వేసేది.

మరుసటేడు వానలు లేవు.

చెన్నకేశవులు కొండ కింది ఎగువ చేలో కొత్త బావి మొదలుపెట్టాడు. అక్కడ నేలంతా బండ. మందు పెట్టి పేల్చి పేల్చి నాలుగు నిలువుల లోతు దిగినా అడుగున దుమ్మే లేచింది. ఇంకా దిగాలా, వదిలేసి మరో చోట చూడాలా అన్నది ఆయనకు తేలలేదు. ఒక సాయంత్రం వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"పిల్లకు ఈ మజ్జన రావట్లేదంటనే?"

"లేదయ్యా. మీ దయవల్ల నెమ్మదిచ్చింది," అంది సాబిరా సంతోషంగా.

ఆయన తల ఊపాడు. ముఖంలో సంతోషం లేదు. "మంచిదే," అని లేచిపోయాడు. ఆ నెల బస్తా ఆలస్యంగా వచ్చింది. ఆపై నెల సగమే వచ్చింది. తెచ్చిన పాలేరును మౌలాలీ అడిగితే, "నాకేం తెలుసు అన్నా. పిల్ల పలకట్లేదంట గదా," అని బండి తిప్పుకున్నాడు.

ఆ మాట విన్న దగ్గర్నుంచి మౌలాలీ మాట తగ్గింది. మధ్యాహ్నం పూట పిల్లను భుజాన ఎక్కించుకుని ఎగువ చేనువైపు పోయేవాడు. ఇంట్లో మగ్గిపోతోంది, గాలి తగలనీ అనేవాడు. ఎండ మండిపోతుంటే గాలి ఎక్కడుంటుందని సాబిరా అరిచినా వినేవాడు కాదు. తిరిగొచ్చేసరికి పిల్ల ముఖం కందిపోయి ఉండేది. చెన్నకేశవులు గొడుగు వేసుకుని దూరాన నిలబడి చూసేవాడని మస్తాంబీయే చెప్పింది.

ఒకరోజు మందు పోస్తుంటే పిల్ల ముఖం చిట్లించలేదు. గుటుక్కున మింగి, "మందు బాగుందమ్మా ఇప్పుడు," అంది. సాబిరా గిన్నెలో మిగిలిన చుక్కను నాలుక మీద వేసుకుంది. ఉప్పు లేదు. ఉత్త నీళ్ళు.

మౌలాలీ పెరట్లో విల్లు నారి బిగిస్తున్నాడు. సాబిరా సీసా తెచ్చి అతని ముందు పెట్టింది.

"మందేం చేశావ్?"

అతను తల ఎత్తలేదు. "పారబోశా."

"ఎప్పట్నుంచి?"

"కొద్దికొద్దిగా. రోజూ ఇంత తీసి ఇన్ని నీళ్ళు పోస్తన్నా."

"నీ చేతులెట్టా ఆడినయ్యయ్యా? కన్నావా, కొన్నావా పిల్లను?"

అతను అప్పుడు లేచాడు. గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు మాట్లాడాడు. "ఇనవే. జొన్నలు ఆగితే నువ్వు మళ్ళా కూలికి పోవాల. నువ్వు కూలికి పోతే పిల్లను చూసేదెవరు? పొయ్యిలో పడ్డ రోజు మరిచావా? ఇంటికొచ్చి ఎత్తుకుంటే దాని చెయ్యి తోలు నా చొక్కాకు అంటుకు వచ్చిందే. ఒక్కసారి. ఒక్కసారి ఆయన చూస్తుండంగా వస్తే చాలు, ఏడాది గడుస్తది. ఇంట్లో పడేది ఆడ పడుద్ది, అంతే గదా."

సాబిరాకు తిట్లు నోటిదాకా వచ్చాయి. అతను చెప్పిన దాంట్లో ఒక్క ముక్క కూడా అబద్ధం లేకపోవడమే ఆమెను భయపెట్టింది. తెల్లవారి ఆస్పత్రికి పోయి కొత్త సీసా తెద్దామనుకుంది. పిల్లను అతని దగ్గర వదిలి పోవడానికి ధైర్యం చాలలేదు. తీసుకుపోదామంటే పిల్లను ఎత్తుకుని నడిచేంత దారి కాదు.

తర్వాతి శుక్రవారం ఆమె నీళ్ళకు పోయి వచ్చేసరికి ఇంట్లో ఎవరూ లేరు. పొద్దున పిల్లకు పెట్టమని మూత పెట్టిన సంకటి అలాగే ఉంది. కడవ దించకుండానే పరిగెత్తింది. దారిలో ఎక్కడో కడవ జారి పగిలింది.

ఎగువ చేలో ఊరు సగం చేరి ఉంది. బావి పక్కన తవ్విపోసిన రాళ్ళ గుట్ట మీద మస్తాంబీని కూర్చోబెట్టారు. చుట్టూ పసుపు చల్లారు, సాంబ్రాణి వేశారు. ఎండ నిట్టనిలువున ఉంది. పెదాలు ఎండిపోయి పిల్ల ఒకసారి తండ్రినీ ఒకసారి కామందునూ చూస్తోంది. కూలివాళ్ళు పలుగులు నేల మీద ఆనించి నిలబడ్డారు. ఎప్పటినుంచి అలా నిలబడ్డారో, ఒకతను కూలబడి తలకు తడిగుడ్డ చుట్టుకున్నాడు.

"పిల్లను దించండి!" అని సాబిరా కేక పెట్టింది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమె భుజాలు పట్టుకున్నారు.

అప్పుడు మస్తాంబీ పడింది.

కాళ్ళూ చేతులూ కొట్టుకుంది. కళ్ళు మూసుకుంది. కాసేపటికి సన్నగా "తడి" అంది.

జనం ఒక్కసారి ఊపిరి వదిలారు. ఎవరో గోవిందా అన్నారు. చెన్నకేశవులు గొడుగు కింద పడేసి రెండు చేతులూ జోడించాడు. కాని పడేముందు పిల్ల మంచి చెయ్యి నేలకు ఆనించడం సాబిరా చూసింది. మూర్ఛ వచ్చిన బిడ్డ చెయ్యి ఆనించదు. పావడా లేవకుండా మోకాళ్ళ కింద సర్దుకోదు. ఆమె మౌలాలీ వైపు చూసింది. అతనూ చూశాడు. అతని ముఖం మట్టిలా ఉంది.

"అయ్యా, అది నిజంగా రాలేదు," అని సాబిరా గట్టిగా అంది. "భయపడి పడింది. అప్పుడన్న తడి కూడా నీళ్ళ తడి గాదు. దాని పావడా తడిసింది. నేనే పిండా. నా బిడ్డకేం తెలవదయ్యా."

చెన్నకేశవులు దగ్గరికి వచ్చి ఆమె తల మీద చెయ్యి వేశాడు. "తల్లివి గదమ్మా. బిడ్డకు దిష్టి తగులుద్దని నీ బయం. నాకు తెలవదా?" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళున్నాయి. అబద్ధమాడే మనిషితో పోట్లాడవచ్చు. ఈయన నమ్ముతున్నాడు.

దారిలో పిల్ల తండ్రి భుజం మీద తల పెట్టి గుసగుసగా అడిగింది. "నాయనా, బాగా పడ్డానా?"

మౌలాలీ నడుస్తున్నవాడు ఆగిపోయాడు. పిల్లను దించి, ఆ దుమ్ములోనే కూర్చుని, ఆమె కాలిన చేతిని ముఖానికి అదుముకుని ఏడ్చాడు.

ఆ సాయంత్రమే నిండు బస్తా వచ్చింది. దాని వెనక కబురూ వచ్చింది. సోమవారం నుంచి పిల్ల కామందుగారి ఇంట్లోనే ఉంటుందట. అక్కడే తిండి, అక్కడే పడక. తల్లిదండ్రులకు జొన్నలు ఎప్పటిలాగే వస్తాయట, ఎప్పటికీ. మర్నాడు పాలకు వెళ్ళిన సాబిరా చెంబులో సీతమ్మ పాలు పోస్తూ, పాల మీదనుంచి చూపు ఎత్తకుండా మాట్లాడింది.

"ధాన్యం గది ఖాళీ చేయించాడు. మంచం వేయించాడు. తలుపుకు గొళ్ళెం బయటివైపు పెట్టించాడమ్మాయ్."

"అమ్మగారూ, మీరు చెప్పగూడదా ఆయనకు?"

"చెప్పా. నీళ్ళు కావాల్నా వద్దా అన్నాడు." చెంబు నిండినా ఇంకా పోస్తూనే ఉంది. పాలు కిందకు కారిపోయాయి. "నేను చెప్పినట్టు ఎవరికీ తెలవనీమాక."

ఆదివారం మాచర్లలో సంత. పొరుగింటి కోటేశ్వరరావు దగ్గర, పరుపులు అమ్ముకొస్తానని మౌలాలీ బండి అడిగి తెచ్చాడు. అనుమానం రాకుండా సాబిరా ముందుగానే సంతకు పోయే ఆడవాళ్ళతో నడిచి వెళ్ళింది. ఇంట్లో ఉన్న రెండు పాత పరుపులను మౌలాలీ గుండ్రంగా చుట్టి బండిలో పక్కపక్కనే పెట్టాడు. మధ్యలో చేసిన గుల్లలో మస్తాంబీని పడుకోబెట్టి, గాలి ఆడేలా తన వీపు వైపు కొంచెం తెరిచి ఉంచాడు. పైన దూది మూట పెట్టాడు.

"మాట్లాడబాకమ్మా. ఊరు దాటాక తీస్తా."

"పడనా నాయనా?"

"వద్దమ్మా. ఎప్పుడూ పడొద్దు."

పొలిమేర దగ్గర చెన్నకేశవులు చేతికర్రతో రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఎగువ చేలో మందు పేలుస్తున్నారు. మనుషులు దగ్గరికి రాకుండా కాపు కాస్తున్నాడు.

"ఆగరా. పేలేదాకా ఆగు. ఏడికి?"

"సంతకయ్యా. రెండు పరుపులున్నయ్."

"పిల్లేదీ?"

"ఇంటికాడ. వాళ్ళమ్మతో."

ఆయన బండి పక్కకు వచ్చి చక్రం మీద చెయ్యి వేశాడు. "మాకూ ఒకటి కుట్టాల్రా. మెత్తగా. పిల్లకు నులక ఒరుసుకుంటది," అన్నాడు ప్రేమగా. అప్పుడు మౌలాలీ వీపుకు ఏదో తగిలింది. మొదట పిల్ల ఒత్తిగిలిందనుకున్నాడు. మళ్ళీ తగిలింది. తర్వాత ఆగకుండా, బిగుసుకుంటూ, కొట్టుకుంటూ తగులుతూనే ఉంది. మందు లేక రోజులైంది. గ్రేసమ్మ చెప్పింది నిజంగానే వచ్చింది.

ఇన్నాళ్ళు అతను కోరుకున్నదీ, కామందు ఎదురుచూస్తున్నదీ అక్కడే, ఇద్దరి మధ్యనే జరుగుతోంది. మౌలాలీ కాలి బొటనవేలితో ఒక ఎద్దు తొడ కింద పొడిచాడు. ఎద్దు బెదిరి ముందుకూ వెనక్కూ తొక్కింది. బండి ఊగింది. ఆ ఊపులో పరుపుల వణుకు కలిసిపోయింది.

"ఏందిరా ఎద్దుకు?"

"పేలుడికి బెదురుద్దయ్యా, చానా బెదురుగొడ్డు."

చెన్నకేశవులు చెయ్యి చాచి పరుపు అంచును వేళ్ళతో నొక్కి చూశాడు. "దూది బాగానే ఏకావ్," అన్నాడు. అంతలో కొండ కింద మందు పేలింది. ఎద్దులు నిజంగానే బెదిరి పరుగు పెట్టాయి. మౌలాలీ పగ్గాలు బిగించలేదు. ఇంకా వదిలాడు.

మలుపు తిరిగి ఊరు కనపడకుండా పోయాక దూకి పరుపులు చీల్చినట్టు విప్పాడు. పిల్ల పెదాలు నల్లబడ్డాయి. నోట్లో దూది పింజ. వేలుపెట్టి తీశాడు. పక్కకు తిప్పాడు. చాలాసేపు ఏమీ లేదు. అల్లాను పిలిచాడు, మాచర్ల చెన్నకేశవస్వామిని పిలిచాడు. చివరికి గొంతులో ఏదో తెగినట్టు చప్పుడై ఊపిరి వచ్చింది. కళ్ళు తెరిచింది కాని, ముందుకుపోయాక సంతదారిలో కలిసిన తల్లిని ఆ పూట గుర్తుపట్టలేదు.

ఆస్పత్రిలో గ్రేసమ్మ మౌలాలీని తిట్టిన తిట్లు వార్డంతా విన్నది. తిట్టాక, వాళ్ళను పంపించేయలేదు. ఆస్పత్రి మంచాల మీది పరుపులన్నీ గడ్డకట్టి ఉన్నాయి, విప్పి ఏకమని అతనికి చెప్పింది. సాబిరాను ఆయాగా పెట్టించింది. వంటింటి వెనక ఒక గది ఇప్పించింది. పూటకు గంజి, పిల్లకు మందు. కోటేశ్వరరావు బండిని ఒక నమ్మకమైన మనిషి చేత పంపించారు. మస్తాంబీ పదిహేను రోజులకు తల్లిని అమ్మా అంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది. అది అలాగే ఉండిపోయింది.

ఎగువ చేలో నీళ్ళు పడలేదు. ఇంకా దిగితే పడతాయని చెన్నకేశవులు తవ్విస్తూనే ఉన్నాడని, పిల్లను తల్లిదండ్రులే పోగొట్టారని ఏడుస్తాడని రోగులు చెప్పుకునేవారు. వాళ్ళను వెతుక్కుంటూ మాత్రం ఆయన రాలేదు. ఎందుకు రాలేదో సాబిరాకు వేసవి దాటాక తెలిసింది. పుండు కట్టు కోసం దుర్గి నుంచి వచ్చిన ఒక ముసలామె మాటల్లో చెప్పింది.

"మా పక్కింట్లో రాళ్ళు చెక్కేవాళ్ళున్నారమ్మాయ్. పిల్లోడికి మూర్ఛలు. వెల్దుర్తి అవతల ఎవరో పుణ్యాత్ముడంట, నెలనెలా జొన్నలు పోస్తన్నాడు. పిల్లోణ్ణి సాకమని. ఏమీ అడగడంట తల్లీ."

సాబిరా చేతిలోని గుడ్డ జారిపోయింది. ఆ పూటే గ్రేసమ్మతో చెప్పి దుర్గికి బయలుదేరింది.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో సగం చెక్కిన రాతి నంది, దాని పక్కన రాతిపొడిలో ఆడుకుంటున్న పిల్లవాడు. నుదుటి మీద పాత గాటు. తల్లి యశోద చేటలో జొన్నలు చెరుగుతోంది. సాబిరా గడపలో కూర్చుని మొదటి బస్తా దగ్గర్నుంచి చెప్పింది. మందు నీళ్ళైన సంగతి, గొళ్ళెం సంగతి, బండిలో సంగతి. దేన్నీ దాచలేదు. మొగుడు చేసిందీ దాచలేదు.

యశోద చేట కింద పెట్టి అంతా విన్నది. మధ్యలో ఒకసారి కొడుకు వైపు చూసింది.

"మా ఆయన పనికి ఊళ్ళు పోతాడు," అంది చివరికి. "ఈ జొన్నలు వద్దంటే నేను పోవాల కూలికి. నేను పోతే వీణ్ణి ఎవరు చూస్తారక్కా? నువ్వు చూస్తావా?"

సాబిరా పిల్లవాడి నుదుటి మీద గాటును చూసింది. "ఆస్పత్రికి తీసుకురా," అంది. "గ్రేసమ్మగారని అడుగు. నేనూ ఆడే ఉంటా. మందు ఒక్క పూట కూడా మాన్పమాక. రుచి మారితే నువ్వు నాలుక మీద ఏసుకుని చూడు."

యశోద మళ్ళీ చేట అందుకుంది. వీధి మొదట్లో బండి గంటల చప్పుడు వినిపించింది. పిల్లవాడు లేచి చప్పట్లు కొడుతూ, "జొన్నలయ్య! జొన్నలయ్య!" అని వీధిలోకి పరిగెత్తాడు. యశోద ఒక్క ఉదుటున లేచి వాణ్ణి రెక్క పట్టి లోపలికి లాగింది. ఎందుకు లాగిందో ఆమెకే తెలియనట్టు, పిల్లవాణ్ణి కడుపుకు అదుముకుని, తలుపు వేయాలో తీయాలో తోచక, ఆ చప్పుడు దగ్గరవుతుంటే వింటూ నిలబడింది.